గీత మిగిలేదాకా

అలీగఢ్‌లో పుట్టి, బ్యాంకాక్‌లో ఉలి పట్టి, పారిస్‌లో మన చిత్తూరు కృష్ణారెడ్డి ఉన్న స్టూడియోలో అచ్చు విద్య నేర్చి, న్యూయార్క్‌లో స్థిరపడిన చిత్రకారిణి జరీనా హష్మీ. వదిలి వచ్చిన ఇంటిని బతుకంతా కాగితం మీదికి తెచ్చుకున్న మనిషి కథ ఇది.

కాగితం మీద నల్లటి గీత ఒకటి. పైనుంచి వంకర్లు తిరుగుతూ, ఒకచోట లోపలికి నొక్కుకుపోయి, ఇంకోచోట బయటికి పొడుచుకొచ్చి, అలా కిందికి దిగిపోతుంది. నదేమో అనిపిస్తుంది. పాత గోడకు పడిన బీటేమో అని కూడా అనిపిస్తుంది. ఊరి పేరు లేదు. దిక్కు చూపే గుర్తు లేదు. అటు ఎవరిదో, ఇటు ఎవరిదో రాసి లేదు. అయినా కాసేపు చూసేసరికి ఎక్కడో చూసిన గీతలా ఉందే అని మనసు తడుముకుంటుంది. చూసిందే. బళ్లో సోషల్ మాస్టారు ఇండియా మ్యాపు గీయమన్నప్పుడల్లా పడమటి వైపున పెన్సిలు పెట్టి, చెరిపి, మళ్లీ దిద్దిన గీతే. భారత్, పాకిస్తాన్ సరిహద్దు.

బొమ్మ పేరు ‘డివైడింగ్ లైన్’, విభజన రేఖ. 2001లో జరీనా చెక్క మీద చెక్కి, మన దేశపు చేతి కాగితం మీద నల్ల సిరాతో అచ్చు తీశారు. మ్యాపు ముందు పెట్టుకోవాల్సిన అవసరం తనకు రాలేదని, ఆ గీత తన గుండె మీదే ఉందని ఆమె చెప్పేవారు.

ఇంకాస్త దగ్గరికి జరిగి చూస్తే, గీతకు రెండు పక్కలా తెల్లగా ఉండాల్సిన చోట సన్నసన్న నల్ల గీరలు కనిపిస్తాయి. పొరపాటున పడ్డ మరకలు కావవి, ఉలి జాడలు. ఉడ్‌కట్, అంటే చెక్క అచ్చు, ఎలా చేస్తారో తెలిస్తేగాని ఆ జాడల సంగతి అర్థం కాదు. ఆఫీసుల్లో వాడే రబ్బరు స్టాంపు అందరూ చూసిందే. అక్షరాలు పైకి లేచి ఉంటాయి, వాటి చుట్టూ పల్లంగా ఉంటుంది. సిరా ఎత్తుగా ఉన్నదానికే అంటుతుంది, కాగితం మీద పడేదీ అదే. చెక్క అచ్చుదీ ఇదే సూత్రం. ఏది నల్లగా పడాలో దాన్ని ముట్టుకోకూడదు, మిగతాదంతా తవ్వి తీసేయాలి. పెన్సిలుతో గీత గీయడం క్షణం పని. అదే గీత చెక్కలో రావాలంటే దానికి ఇటువైపు ఉన్నదంతా, అటువైపు ఉన్నదంతా పొరలు పొరలుగా లేపి పారేయాలి. ఎంత తవ్వినా ఉలికీ ఉలికీ మధ్య సన్నటి గట్లు మిగిలిపోతాయి. సిరా రోలరు వాటికీ తగులుతుంది. కావాలనుకుంటే వాటిని నున్నగా తీసేయవచ్చు. జరీనా తీసేయలేదు. తవ్విన నేల తవ్వినట్టే కనిపించనిచ్చారు.

1947లో అసలు గీతను గీసినాయన సిరిల్ రాడ్‌క్లిఫ్, బ్రిటిష్ న్యాయవాది. అంతకుముందు ఈ నేల మీద కాలు పెట్టి ఎరుగడు. జులై 8న దిగి, ఐదు వారాల్లో పంజాబ్‌నూ బెంగాల్‌నూ చీల్చి ఇచ్చాడు. గీత ఎక్కడ పడిందో జనానికి తెలిసింది ఆగస్టు 17న, స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు. ఆయనకు ఐదు వారాలు చాలాయి. ఆ ఏడు పదేళ్ల పిల్లగా ఉన్న జరీనాకు ఆ గీతను చెక్కలోకి తెచ్చుకోవడానికి యాభై నాలుగేళ్లు పట్టింది.

పుట్టిల్లు పరాయిదేశమైన ఏడు

జరీనా 1937 జులై 16న అలీగఢ్‌లో పుట్టారు. తండ్రి షేక్ అబ్దుర్ రషీద్ అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసర్. తల్లి ఫహ్మీదా బేగం. ఇంటి నిండా పుస్తకాలు. తండ్రి వీలైనప్పుడల్లా పిల్లల్ని వెంటబెట్టుకుని మొఘలుల కాలపు కట్టడాలు చూపించడానికి తీసుకెళ్లేవారు. ఎర్రరాతి గోడలు, జాలీ కిటికీల్లోంచి నేల మీద పడే ఎండ గళ్లు, కొలత తప్పని తోటలు ఆ పిల్ల కళ్లలో పడ్డాయి. ఎండాకాలం రాత్రుళ్లు ఆరుబయట మంచాలు వేసుకుని పడుకోవడం, అక్క రాణితో కలిసి చుక్కలు చూస్తూ పెద్దయ్యాక ఎక్కడెక్కడికి వెళ్లాలో ముచ్చట్లాడుకోవడం ఆమె జ్ఞాపకాల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. డాబా మీదో వాకిట్లోనో నులకమంచం వేసుకుని పడుకున్న మన తరానికి ఆ రాత్రుల గురించి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

దేశ విభజన నాడే ఆ కుటుంబం శాశ్వతంగా ఊరు వదిలిపోలేదు. అలీగఢ్ యూనివర్సిటీ ఉంది, తండ్రి ఉద్యోగం ఉంది. జరీనా అక్కడే చదువుకుని 1958లో లెక్కల్లో బీఎస్సీ ఆనర్స్ పట్టా తీసుకున్నారు. కళాశాలలో బొమ్మలు నేర్చిన మనిషి కాదు. ఆమె తర్వాతి పనిలో కనిపించే చతురస్రాలు, గళ్లు, ఒకే కొలతలో మళ్లీ మళ్లీ వచ్చే గీతలు ఆ లెక్కల చదువు పెట్టిన భిక్ష. అదే ఏడు విదేశాంగ శాఖలో ఉద్యోగి సాద్ హష్మీతో పెళ్లయింది. భర్తకు బ్యాంకాక్ పోస్టింగు. మరుసటి ఏడాది, 1959లో, తల్లిదండ్రులు కరాచీకి వెళ్లిపోయారు.

ఈ ఒక్క సంగతి దగ్గర ఆగాలి. మన ఇళ్లలో ఆడపిల్లకు పెళ్లయ్యాక పుట్టిల్లు అన్న మాట బరువు ఎంతో పెరుగుతుంది. పండక్కి పిలుపు వస్తుంది, పురిటికి తీసుకెళ్తారు, మనసు బాగోలేకపోతే రెండు రోజులు ఉండి రావచ్చు. జరీనాకు పెళ్లయిన ఏడాదికే అలీగఢ్‌లో తలుపు తీసేవాళ్లు లేకుండా పోయారు. అమ్మానాన్నలను చూడాలంటే వీసా కావాలి. వాళ్లున్న ఇల్లు ఆమె పుట్టిన ఇల్లు కాదు. పుట్టిన ఇంట్లో ఆమె వాళ్లెవరూ లేరు.

1947లో బండ్ల మీద, కాలినడకన, రైళ్ల కప్పులెక్కి సరిహద్దు దాటిన లక్షల మంది పడ్డ బాధ వేరు. జరీనా బ్యాంకాక్ వెళ్లింది దౌత్యాధికారి భార్యగా. ఆ తేడా ఉంది. అయితే ఇల్లు పోవడమన్నది అన్నిసార్లూ నిప్పుతో, కత్తితో జరగదు. ఒక్కోసారి ఓ కుటుంబం సామాను సర్దుకుని మర్యాదగా వెళ్లిపోతుంది. వెనక మిగిలిన కూతురికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియదు. ఆమె బొమ్మల్లో అరుపు వినిపించకపోవడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది.

ఒక స్టూడియో, ఇద్దరు ప్రవాసులు

చెక్క అచ్చు ఆమెకు మొదట పరిచయమైంది బ్యాంకాక్‌లో. 1963లో భర్తకు పారిస్ బదిలీ అయింది. అక్కడ ఆమె అడుగుపెట్టిన చోటు ఆధునిక అచ్చు చిత్రాల చరిత్రలో పెద్ద పేరున్న ‘అటెలియే 17’. స్టాన్లీ విలియం హేటర్ అనే ఆంగ్లేయుడు 1927లో మొదలుపెట్టిన వర్క్‌షాపు అది. పికాసో, మీరో లాంటి వాళ్లు పనిచేసిన చోటు. గురువు పాఠం చెబితే శిష్యులు రాసుకునే పద్ధతి అక్కడ లేదు. అందరూ ఒకే ప్రెస్ దగ్గర చేతులకు సిరా పూసుకుని ప్రయోగాలు చేస్తారు, ఒకరి పని చూసి ఒకరు నేర్చుకుంటారు.

జరీనా అక్కడికి చేరేనాటికి ఆ స్టూడియోలో హేటర్‌కు కుడిభుజంగా ఉన్నాయన మన తెలుగువాడు, కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టి, రిషివ్యాలీలో చదివి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, లండన్ స్లేడ్ స్కూలు మీదుగా పారిస్ చేరిన శిల్పి. అటెలియే 17కు ఆయన సహ సంచాలకుడయ్యారు కూడా. లోహపు రేకు మీద ఒక్కసారి ప్రెస్ తిప్పి ఎన్నో రంగులు రాబట్టే పద్ధతికి రూపమిచ్చిన వాళ్లలో ఆయనది ముందు వరస. కిటుకంతా నూనెలో ఉంది. నూనె ఎక్కువ కలిపిన పలచటి రంగు, తక్కువ కలిపిన చిక్కటి రంగు ఒకదాని మీద ఒకటి పడినా కలిసిపోవు. రేకును ఎత్తుపల్లాలుగా చెక్కి, మెత్తటి రోలరుతో పల్లానికి ఒక రంగు, గట్టి రోలరుతో ఎత్తుకు ఇంకో రంగు అందిస్తారు. శిల్పి గనుక కృష్ణారెడ్డి ఆ రేకును శిల్పంలాగే చెక్కేవారు. ఆయన ‘సుడిగుండం’, ‘కెరటం’ అచ్చులు చూస్తే నీటిలోకి వెలుతురు దిగినట్టుంటుంది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో ఆయన న్యూయార్క్ చేరి యూనివర్సిటీలో అచ్చు విద్య చెప్పారు. 2018 ఆగస్టులో అక్కడే పోయారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఇంకా చాలినంత చోటు దొరకలేదన్నది నా బాధ.

జరీనా అదే బడిలో నేర్చుకుని మరో దారి పట్టారు. కృష్ణారెడ్డి ఒక్క రేకులో ఇంద్రధనుస్సును చూస్తే, ఆమె రంగులన్నీ ఒక్కొక్కటిగా వదిలించుకుంటూ నలుపు దగ్గరికి వచ్చారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2016లో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా ముగ్గురి పనీ కలిపి ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. గురువు పేరు పక్కన ఇద్దరు భారతీయ ప్రవాసుల పేర్లు.

1968లో ఢిల్లీ వచ్చాక ఆమె పనిలో అసలైన మలుపు కనిపిస్తుంది. నున్నటి పలక కొని దాని మీద బొమ్మ చెక్కడానికి బదులు, దొరికిన చెక్క ముక్కలు ఏరుకొచ్చి, పక్కపక్కన పేర్చి, సిరా పూసి కాగితం మీద అద్దారు. చెక్కలో ఉన్న పేడు, ముడి, పగులు, అంచు అన్నీ ఉన్నవున్నట్టు అచ్చులోకి వచ్చేశాయి. ‘గోడ’, ‘పంజరం’ అని పేర్లు పెట్టిన అచ్చులు ఆ కాలానివే. 1969లో రాష్ట్రపతి అవార్డు అందుకున్నారు. గ్లైడర్ నడపడం నేర్చుకున్నదీ ఢిల్లీలోనే. ఇంజను లేని ఆ చిన్న విమానంలోంచి కిందికి చూస్తే ఇళ్లు కప్పులుగా, వీధులు గీతలుగా, ఊరు ప్లానుగా కనిపిస్తుంది. తర్వాత ఆమె వేసిన ఇళ్లన్నీ అలా పైనుంచి చూసినవే. ఎదురుగా నిలబడి చూసిన ఇల్లు ఆమె బొమ్మల్లో అరుదు.

1974లో టోక్యోలో చెక్క అచ్చుల కళాకారుడు తోషి యోషిదా స్టూడియోకు వెళ్లారు. జపాన్ పద్ధతిలో ప్రెస్ ఉండదు. సిరా పూసిన చెక్క మీద కాగితం పరిచి, ‘బారెన్’ అనే గుండ్రటి బిళ్లతో వెనకనుంచి చేత్తో రుద్దుతారు. దానికి తట్టుకునే కాగితం కావాలి. కోజో మొక్క బెరడు నారతో చేసే జపాన్ కాగితం పలచగా ఉంటుంది గాని చిరగదు. అప్పటినుంచి ఆమెకు కాగితం బొమ్మను మోసే సరుకు మాత్రమే కాదు. మనిషి చర్మంలాంటిదని అనేవారు. మరక పడుతుంది, ముడత పడుతుంది, వయసు మీద పడుతుంది.

న్యూయార్క్‌లో ఒంటరిగా

1970ల మధ్యలో ఆమె న్యూయార్క్ చేరుకున్నారు. 1977లో భర్త పోయారు. నలభయ్యోపడి ముంగిట్లో, పరాయిదేశంలో, ఒంటరిగా మిగిలారు. కరాచీకి పోయి అమ్మానాన్నల దగ్గర ఉండిపోవచ్చు. ఢిల్లీకి తిరిగి రావచ్చు. ఆమె న్యూయార్క్‌లోనే ఉండి తన పనితోనే బతకాలనుకున్నారు. బోధించారు, అచ్చులు తీశారు, అమ్ముడుపోని ఏళ్లు ఓర్చుకున్నారు.

ఆ రోజుల్లో చేసిన పని ఒకటి చాలామందికి తెలియదు. తెల్ల కాగితం తీసుకుని సూదులతో గుచ్చారు. సిరా లేదు, రంగు లేదు. వరసలు వరసలుగా సూది రంధ్రాలు మాత్రమే. పక్కనుంచి వెలుతురు పడితే ఆ రంధ్రాల అంచులు నీడలు వేస్తాయి. ఆ తర్వాత కాగితపు గుజ్జును అచ్చుల్లో పోసి శిల్పాల్లా తీశారు.

అమెరికాలో స్త్రీవాద ఉద్యమం జోరుగా ఉన్న కాలం అది. అందులో తెల్లజాతి స్త్రీల గొంతే ఎక్కువ వినిపించేది. ‘హెరిసీస్’ పత్రిక 1979లో మూడో ప్రపంచపు స్త్రీల మీద తెచ్చిన ప్రత్యేక సంచికకు జరీనా సంపాదకవర్గంలో పనిచేశారు. మరుసటి ఏడు ఎ.ఐ.ఆర్. గ్యాలరీలో ‘డయలెక్టిక్స్ ఆఫ్ ఐసొలేషన్’ ప్రదర్శనను క్యూబా నుంచి వచ్చిన ఆనా మెండియెటా, జపాన్ నుంచి వచ్చిన కజుకో మియమోతోలతో కలిసి నిర్వహించారు. చిన్న పిల్లగా ఉన్నప్పుడే కన్నవాళ్లకు దూరమై క్యూబా నుంచి అమెరికాకు పంపించబడిన మనిషి మెండియెటా. ఆ ముగ్గురి మధ్య స్నేహం కుదరడంలో ఆశ్చర్యం లేదు.

ముప్పై ఆరు మాటలు

ఆమె పనిలో పేరుమోసిన అచ్చులన్నీ యాభై ఐదేళ్లు దాటాక వచ్చినవే. 1994లో ‘ఫాదర్స్ హౌస్ 1898–1994’ వేశారు. అలీగఢ్ ఇంటి ప్లాను అది. ఏ గది ఎక్కడో, ఏ చెట్టు ఎక్కడో ఉర్దూలో రాసుకున్నారు. రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజు లాంటి బొమ్మ. అందులో ఆస్తి హక్కు మాత్రం ఎవరి పేరా లేదు. 1997లో తాను కాపురమున్న ఇళ్లన్నీ ఒక్కొక్క ప్లానుగా, తొమ్మిది అచ్చుల వరసగా తెచ్చారు. ఆ వరస పేరులోనే ‘తొమ్మిది గీతల్లో జీవితం’ అన్న మాటుంది. బ్యాంకాక్, పారిస్, ఢిల్లీ, బాన్, టోక్యో, న్యూయార్క్. అద్దె ఇళ్ల లెక్క మనకూ తెలుసు. ఏ ఇంట్లో వంటగది ఏ మూలన ఉండేదో ముప్పై ఏళ్లయినా ఇల్లాలికి గుర్తుంటుంది.

1999లో వచ్చింది ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’. ఇల్లే పరాయిచోటు అన్న పేరు. ముప్పై ఆరు చెక్క అచ్చులు. ఒక్కొక్కటి నోటుపుస్తకం పేజీ అంత. ఒక్కొక్క అచ్చు కింద ఒక్క ఉర్దూ మాట. ఇల్లు, గడప, తలుపు, గోడ, ముంగిలి, వడగాలి, వాన, దుమ్ము, దారి, దూరం, సరిహద్దు, భాష... ఇలా ముప్పై ఆరు. పని చేసిన తీరు గమనించాలి. బొమ్మ వేసి దానికి పేరు వెతకలేదు. ముందు మాటలు రాసుకున్నారు. ఆ జాబితాను పాకిస్తాన్‌లో ఉన్న ఒక లేఖకుడికి పంపి నస్తలీఖ్ లిపిలో అందంగా రాయించుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్క మాటకు ఒక్కొక్క బొమ్మ. అలీగఢ్‌లో పుట్టిన మాటలు న్యూయార్క్ నుంచి బయల్దేరి, గీతకు అవతలి దేశంలో అక్షరాలై, తిరిగి న్యూయార్క్ చేరి అచ్చయ్యాయి.

ఉర్దూ చదవడం రాదని తెలుగు పాఠకుడు దూరంగా నిలబడాల్సిన పనిలేదు. ఉర్దూ ‘దర్వాజా’ తెలంగాణ ఇళ్లలో ఇప్పటికీ దర్వాజానే. ‘సర్హద్’ మన నోట సరిహద్దు అయింది. ఆ గీతకు మనం వాడే మాట కూడా ఆ భాషదే. ఉర్దూ ‘దహ్లీజ్’ మన గడప. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దాని మీద కూర్చోవద్దని పిల్లల్ని కసిరే మన గడప. ‘గడప దాటింది’ అన్న రెండు మాటల్లో తెలుగు కథలు ఎన్ని ఇమిడి ఉన్నాయో చెప్పనక్కర్లేదు. గడప కోసం ఆమె తలుపు చెక్కలేదు, తోరణం చెక్కలేదు, గడప మీద నిలబడ్డ మనిషిని చెక్కలేదు. ఆ ముప్పై ఆరు అచ్చుల్లో ఎక్కడా మనిషి బొమ్మ లేదు. గీతలు, గళ్లు, నలుపు, తెలుపు. చూసేవాళ్లు ఎవరింటి మనుషులను వాళ్లే అందులోకి తెచ్చుకోవాలి.

ఇంకో సంగతి. ఉర్దూ మన దేశంలో తరిగిపోతోందన్న దిగులు ఆమెకు చివరిదాకా ఉంది. ఆమె అచ్చుల్లో ఆ లిపి అలంకారం కాదు. చదవగలిగినవాళ్లు ఉన్నంతకాలం అక్కడ ఆ మాట పలుకుతుంది. చదవగలిగినవాళ్లు లేనినాడు అదీ ఇంకో గీతగా మిగిలిపోతుంది. డాలస్‌లోనో సిడ్నీలోనో పిల్లలకు తెలుగు ఓనమాలు దిద్దించే తల్లిదండ్రులకు ఈ దిగులు ఎక్కడ గుచ్చుకుంటుందో బాగా తెలుసు.

తొమ్మిది ఊళ్లు

2001లోనే ‘అట్లాస్ ఆఫ్ మై వరల్డ్’ పేరుతో ఆరు పటాలు చెక్కారు. 2003లో తొమ్మిది నగరాల మీద తొమ్మిది చెక్క అచ్చులు తెచ్చారు. ఉర్దూ కవి గాలిబ్‌ను తలచుకుంటూ అమెరికన్ కవయిత్రి ఏడ్రియన్ రిచ్ రాసిన కవితలోంచి ఆ వరసకు పేరు తీసుకున్నారు. గ్రోజ్నీ, సరాయెవో, స్రెబ్రెనీసా, బీరూట్, జెనీన్, బాగ్దాద్, కాబూల్, అహ్మదాబాద్, న్యూయార్క్. అన్నీ యుద్ధమో అల్లర్లో బాంబులో కూల్చిన ఊళ్లు. ఒక్కొక్కదానికి నది, వీధులు, చుట్టుగీత చూపే పటం, దాంతోపాటు ఉర్దూలో ఊరి పేరు. 2002 గుజరాత్ అల్లర్ల తర్వాత ఏడాదికే అహ్మదాబాద్‌ను సరాయెవో పక్కన పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. న్యూయార్క్ వంతు వచ్చేసరికి ఆమె వీధుల పటం చెక్కలేదు. నిలువుగా రెండు గీతలు మాత్రమే. ఆ రెండు గీతలు ఏమిటో చెప్పకుండానే తెలుస్తుంది. తలదాచుకున్న ఊరిని కూడా ఆమె గాయపడ్డ ఊళ్ల వరసలోనే కూర్చోబెట్టారు.

పెద్ద గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 2011లో వెనిస్ బినాలేలో భారతదేశం మొట్టమొదటిసారి తన పెవిలియన్ పెట్టినప్పుడు క్యూరేటర్ రణజిత్ హోస్కోటే ఎంపిక చేసిన కళాకారుల్లో జరీనా ఉన్నారు. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి. 2012లో లాస్ ఏంజెలిస్ హామర్ మ్యూజియంలో మొదలైన ‘పేపర్ లైక్ స్కిన్’ ప్రదర్శన మరుసటి ఏడు న్యూయార్క్ గుగెన్‌హైమ్‌కూ, షికాగోకూ వెళ్లింది. ఆఖరి దశలో నలుపు పక్కకు బంగారు రేకు వచ్చి చేరింది. 2018లో ‘డైరెక్షన్స్ టు మై హౌస్’ పేరుతో తన కథ చెప్పుకున్నారు. మా ఇంటికి దారి అని. 2020 ఏప్రిల్ 25న లండన్‌లో కన్నుమూశారు. అల్జీమర్స్ వ్యాధి. కరోనాతో లోకమంతా తలుపులు మూసుకున్న రోజులు అవి. ఆఖరి మజిలీ అలీగఢ్ కాదు, కరాచీ కాదు, నలభై ఏళ్లకు పైగా పనిచేసిన న్యూయార్క్ కూడా కాదు.

రాణి ఉత్తరాలు

ఆమె పని మొత్తంలో ఒక్కటే చూపించమంటే నేను విభజన రేఖ చూపించను. 2004లో చేసిన ‘లెటర్స్ ఫ్రమ్ హోమ్’ చూపిస్తాను.

అలీగఢ్‌లో చుక్కల కింద పక్కన పడుకున్న అక్క రాణి కరాచీలో ఉండిపోయింది. అక్కాచెల్లెళ్ల మధ్య దేశాలు, సముద్రాలు. రాణి చెల్లెలికి ఉత్తరాలు రాసింది. అమ్మానాన్నల మరణం గురించి, ఇల్లు అమ్మేయడం గురించి, పిల్లలు ఎదిగి ఎగిరిపోయాక ఇల్లు బోసిపోవడం గురించి, నువ్వుంటే బాగుండునని రాసింది. రాసి, పోస్టు చేయలేదు. దూరాన ఒంటరిగా ఉన్న చెల్లెలికి ఈ కబుర్లు అందడం ఎందుకనుకుందో, అందినా ఏం చేయగలదనుకుందో. మన ఇళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి. పరాయి ఊళ్లో ఉన్నవాళ్లకు చెడ్డ కబురు చెప్పకుండా అందరూ కలిసి దాచిపెడతారు. ఏళ్లు గడిచాక రాణి ఆ ఉత్తరాలు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది.

జరీనా వాటిని చదివి పెట్టెలో దాచుకోలేదు. అక్క చేతిరాతను ఉన్నదున్నట్టు లోహపు అచ్చుకు ఎక్కించారు. అచ్చులో రాత తిరగబడి ఉంటుంది. కుడినుంచి ఎడమకు నడిచే ఉర్దూ అక్కడ మన తెలుగులా ఎడమనుంచి కుడికి నడుస్తుంది. కాగితం మీద పడ్డాక మళ్లీ తన దారికి వస్తుంది. అలా ఎనిమిది అచ్చులు, పలచటి కోజో కాగితం మీద. కొట్టివేతలు, వంగిన పంక్తులు, తొందరలో ముడుచుకుపోయిన అక్షరాలు. గొప్ప చేతిరాత కాదు, ఇంటి మనిషి రాత.

ఆ రాతల మీదే చెక్క అచ్చులతో తన గుర్తులు వేశారు. ఒకదాని మీద పటం. ఇంకోదాని మీద ఇంటి ప్లాను. ఆ ప్లాను ఉన్న అచ్చు ముందు నిలబడి ఉర్దూ వచ్చినవాళ్లు చదవబోతే కళ్లు గోడకు తగులుతాయి. గోడ దాటితే మళ్లీ రెండు మూడు మాటలు దొరుకుతాయి. మళ్లీ గోడ. అక్క ఏం రాసిందో తెలుసుకోవాలంటే ఒక్కొక్క గదిలోంచి నడుచుకుంటూ పోవాలి.